ఎగ్జిక్యూటర్లు ఇద్దరు, పొలం ఒకటి: సంతకం ఎవరిది, లెక్క ఎవరిది?

#1 కొత్తచాలు

ఒక వీలునామా మీద ప్రశ్న. పేర్లూ ఊరూ అనవసరం, లెక్క మాత్రం ఇది.

తెలంగాణలో 9 ఎకరాలు, తండ్రి కొనుక్కున్నది. 4 ఎకరాలు బోరు కింద తరి (నీళ్ళు పారే నేల), 3 ఎకరాలు చెలక (మెట్ట), 2 ఎకరాలు రాళ్ళ వాలు. రోడ్డు ఒక్క తరి వైపే ఉంది. వీలునామాలో "ముగ్గురు పిల్లలకు సమానంగా" అని రాసి, పెద్దకొడుకునీ చిన్నకూతురినీ కలిపి ఎగ్జిక్యూటర్లుగా (వీలునామాను అమలు చేసేవారిగా) పెట్టారు. నడిమి అమ్మాయి వాటాదారు మాత్రమే. వీలునామా రిజిస్టరు కాలేదు. సాక్షులు ఇద్దరూ బతికే ఉన్నారు. అన్న ఊళ్ళో ఉండి సాగు చేస్తున్నాడు, చెల్లెలు హైదరాబాదులో. పంట రుణం బాకీ ఉంది. తండ్రి పోయి 5 నెలలు.

అన్న మాట: "ఎగ్జిక్యూటర్ని నేనే, సాగూ నాదే, పంటా నాదే." చెల్లెలి మాట: "నా సంతకం లేకుండా గడ్డిపోచ కదలకూడదు." ఎవరిది ఎంతవరకు నిజం?

#2 పాతపహాణీ

వాదనలోకి దిగే ముందు నాలుగు పనులు కానివ్వండి.

అసలు వీలునామా ఎవరి దగ్గరుందో చూడండి. ఒక్కరి బీరువాలో ఉంటే అదే మొదటి గొడవ. రాసినవారు పోయాక కూడా ఎగ్జిక్యూటరు గానీ దాని కింద హక్కు వచ్చేవారు గానీ రిజిస్ట్రేషనుకు పెట్టొచ్చు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 40వ సెక్షన్. వీలునామాకు గడువేమీ లేదు. సబ్ రిజిస్ట్రారు సాక్షుల్ని, రాసిన లేఖరిని విచారిస్తాడు కాబట్టి ఇద్దరు సాక్షులూ నడవగలిగిన రోజుల్లోనే ఈ పని అయిపోవాలి. సాక్షి పోతే వీలునామా చచ్చిపోదు గానీ రుజువు బరువెక్కుతుంది.

రెండోది, తండ్రి ఏటీఎం కార్డు. చనిపోయిన రోజు తర్వాత దానితో ఎవరు తీసినా, ఎంత మంచి పనికి తీసినా, తర్వాత సంజాయిషీ ఇవ్వాల్సిందే. పీఎం కిసాన్ 2,000 వాయిదా మరణం తర్వాత పడితే అది తిరిగి కట్టాల్సిన డబ్బు, వారసుల ఆస్తి కాదు. తండ్రి ఎవరికైనా జీపీఏ (తన తరఫున సంతకాలు చేసే అధికార పత్రం) ఇచ్చి ఉంటే అది కూడా ఆయనతోనే పోయింది. "నాకు జీపీఏ ఉంది" అని ఆ తర్వాత చేసిన సంతకాలు తలనొప్పులే.

మూడు, ఈసీ (భూమి మీద అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయించండి, తండ్రి కొన్న తేదీ నుంచి నేటిదాకా. నాలుగు, బ్యాంకు నుంచి మరణం రోజు నాటికి రుణం అసలెంత, వడ్డీ ఎంత అని రాతపూర్వకంగా తెచ్చుకోండి.

#3 తీర్పులగూడు

అన్న, చెల్లెలు ఇద్దరూ సగం సగం తప్పే.

ఇక్కడ అన్నకి మూడు వేషాలున్నాయి: ఎగ్జిక్యూటరు, వాటాదారు, సాగుదారు. చెల్లెలికి రెండు. ఇలాంటి తగాదా ఏది తీసుకున్నా ఒక వేషంలో వచ్చిన హక్కును ఇంకో వేషంలో వాడటమే కనిపిస్తుంది. "ఎగ్జిక్యూటర్ని కాబట్టి పంట నాది" అన్నది అలాంటిదే.

1925 భారత వారసత్వ చట్టం 211 ప్రకారం చనిపోయినవారి ఆస్తి ఎగ్జిక్యూటరుకు చెందుతుంది, కానీ ఆ హోదాలోనే. అంటే అప్పులు తీర్చి వాటాలు అప్పగించేదాకా చేతిలో ఉంచుకునే హక్కు. తినే హక్కు కాదు. అంత్యక్రియలు, ఆఖరి నెల వైద్యం ఖర్చులు, తర్వాత ప్రొబేట్ (వీలునామా నిజమేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) వగైరా కోర్టు ఖర్చులు, మరణానికి ముందు 3 నెలల్లో పనిచేసిన జీతగాళ్ళ కూలి, ఆపైన మిగతా అప్పులు. ఈ వరస 320 నుంచి 323 వరకు ఉంది. అప్పులన్నీ తీరాకే వాటాలు, అది 325.

వాటాదారుకు హక్కు పూర్తవ్వాలంటే ఎగ్జిక్యూటరు సమ్మతి కావాలి (332). ఆ సమ్మతి నోటిమాటగా ఉండొచ్చు, నడవడికలోనే కనిపించొచ్చు (333). మరణం నుంచి ఏడాది దాటేదాకా వాటాలు అప్పగించి తీరాలని బలవంతం లేదు (337). కాబట్టి 5 నెలలకే "అన్న పంచట్లేదు" అనడం తొందరే. ఏడాది దాటాక కూడా కారణం చెప్పకుండా కూర్చుంటే అది వేరే మాట.

ఇంకొకటి. "తండ్రి కొనుక్కున్నది" అన్నారు. కొన్న దస్తావేజు చూడండి. ఉమ్మడి ఆస్తి అయితే వీలునామా ఆయన వాటా వరకే చెల్లుతుంది. కూతుళ్ళు 2005 సెప్టెంబరు 9 నుంచి కొడుకుతో సమానంగా పుట్టుకతో వాటాదారులు, ఆ తేదీకి తండ్రి బతికుండాలన్న షరతు కూడా లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. తాత నుంచి వచ్చిందంతా పిత్రార్జితం అనుకోకండి. తాత 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి, 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద తండ్రికి వచ్చిన భూమి తండ్రి సొంత ఆస్తే, చందర్ సేన్ తీర్పు (1986).

#4 ఊరిగట్టు

ఒకరు సంతకం పెడితే చాలు కదా? ఎగ్జిక్యూటర్లు చాలామంది ఉంటే అందరి అధికారాలూ ఒక్కరే వాడొచ్చని 311 ఉంది. అన్న చెప్పింది చట్టమే.

#5 తీర్పులగూడు

సెక్షన్ సగమే చదివారు. "వీలునామాను రుజువు చేసుకున్న" ఎగ్జిక్యూటరు అనుంది అందులో. అంటే ప్రొబేట్ పుచ్చుకున్నవాడు. పైగా వీలునామాలో వేరే ఆదేశం లేకపోతేనే. "ఇద్దరూ కలిసి" అని రాసి ఉంటే అదే వేరే ఆదేశం. ఆ వాక్యం అక్షరం అక్షరం చూడాలి. "ఇద్దరు ఎగ్జిక్యూటర్లు" అనడం వేరు, "ఇద్దరూ కలిసి వ్యవహరించవలెను" అనడం వేరు.

ఇక ఆచరణలో ప్రొబేట్ లేని ఒక్క ఎగ్జిక్యూటరు అమ్మితే కొనేవాడి లాయరు ఒప్పుకోడు. విత్తనాలు, కూలీ, మోటారు రిపేరు ఒక్కరు చూసుకోవచ్చు. అమ్మకం, తాకట్టు, దీర్ఘకాలం కౌలు, చెట్ల నరికివేత, రాజీ, ఈ అయిదింటికీ ఇద్దరి సంతకం లేకుండా ముందుకు పోకూడదు.

మన రెండు రాష్ట్రాల్లోని పొలాలకు హిందువుల వీలునామాలో ప్రొబేట్ తప్పనిసరి కాదు. పాత 213 షరతు కూడా బెంగాల్, మద్రాసు, బొంబాయి నగరాల పరిధికి సంబంధించింది. అయినా ఇద్దరు ఎగ్జిక్యూటర్లు కొట్టుకుంటున్నప్పుడు జిల్లా కోర్టులో ప్రొబేట్ తీసుకోవడం మంచిదే అంటాను. ప్రొబేట్ వచ్చాక 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చు కోర్టుకు ఇచ్చి తీరాలి (317). ఫలానా పనిలో ఏం చేయాలో చెప్పమని హైకోర్టును అడిగే వీలూ వస్తుంది (302). లెక్క చూపని అన్నకు ఆ 317 ఒక్కటే సగం మందు.

కానీ ప్రొబేట్ కోర్టు వీలునామా నిజమా కాదా అన్నదే చూస్తుంది. భూమి స్వార్జితమా, ఉమ్మడిదా అన్నది తేల్చదు. దానికి సివిల్ దావా వేరే.

#6 పద్దుపుస్తకం

లెక్క సంగతి నేను చెప్తాను. ఈ తగాదాల్లో ఎక్కువ విషం అక్కడే.

ముందు పంటను రెండుగా విడగొట్టండి. తండ్రి బతికుండగా ఆయన పెట్టుబడితో వేసిన పంట, కోత మరణం తర్వాత పడినా సరే, ఎస్టేటుది (అంటే చనిపోయినవారి ఆస్తి మొత్తానిది). దాని అమ్మకం డబ్బులోంచి ముందు పెట్టుబడి బాకీలు, తర్వాత రుణం. మరణం తర్వాత వేసిన పంట వేరే పద్దు.

ఆ రెండో పంటకు రెండే దారులు. ఒకటి, ఎస్టేటే సాగు చేస్తుంది: ఖర్చంతా ఎస్టేటుది, రాబడంతా ఎస్టేటుది, అన్నకు చూసినందుకు ముందే మాట్లాడుకున్న జీతం. రెండు, అన్న కౌలుదారు: ఎస్టేటుకు ఊళ్ళో నడిచే కౌలు కడతాడు, పెట్టుబడి ఆయనది, లాభనష్టాలు ఆయనవి. అందరూ చేసే తప్పు మూడో దారి. ఖర్చు ఎస్టేటు పద్దులో, రాబడి అన్న జేబులో. లేదా పంట పండితే కౌలు లెక్క, ఎండితే ఎస్టేటు సాగు లెక్క. ఏ దారో విత్తనం పడకముందే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

నా ఓటు కౌలుకే. ఎస్టేటు సాగు లెక్క పరిశీలించాలంటే యూరియా బస్తా నుంచి నాటు కూలీదాకా ప్రతి చిట్టీ కావాలి, ఊళ్ళో సగం చెల్లింపులకు చిట్టీలే ఉండవు. కౌలు అయితే ఏడాదికి ఒక్క అంకె. తరికి ఎకరానికి 15,000, చెలకకు 8,000 అనుకుంటే (మీ ఊరి రేటు వేసుకోండి) 60,000 + 24,000 = 84,000. రాళ్ళ వాలుకు మేపు తప్ప ఏమీ రాదనుకుంటే సున్నా. 84,000 ఎస్టేటు ఖాతాలో పడిందా లేదా, ప్రశ్న అంతటితో అయిపోతుంది.

కౌలు కాగితం ఒక్క పంటకాలానికే రాయండి, వాటాలు పడ్డాక ఎవరి ముక్కలో వాళ్ళకు పంట కోసుకునేదాకా గడువు ఇస్తూ. అన్న సంతకం కౌలుదారుగా ఒకచోట, ఎగ్జిక్యూటరుగా చెల్లెలితో పాటు ఇంకోచోట. ఇంకో పక్క నడిమి అమ్మాయి కూడా చేస్తే మరీ మంచిది.

డబ్బుకు ముగ్గురి పేరున ఒక కొత్త ఖాతా, ఇద్దరు ఎగ్జిక్యూటర్ల సంతకం ఉంటేనే తీసేలా. పాసుపుస్తకం ఫొటో నెలకోసారి ముగ్గురికీ. వడ్ల కొనుగోలు కేంద్రంలో ఎవరి పేరున ఎంట్రీ అయితే వాళ్ళ ఖాతాలోకే డబ్బు పడుతుంది, అందుకని తూకం చీటీ, ట్రక్కు చీటీ ఫొటోలు ఆ రోజే పంపాలి. తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపితే ఆ సంగతీ అప్పుడే చెప్పాలి. నెల తర్వాత "తరుగు పోయింది" అంటే ఎవరూ నమ్మరు.

#7 కొత్తచాలు

పద్దుపుస్తకం గారూ, ఆసుపత్రి బిల్లులు అన్న కట్టాడు, పెద్దకర్మ కూడా ఘనంగా చేశాడు. ఆ మొత్తం ఎస్టేటు నుంచి రావాలంటున్నాడు. పంట రుణం మాత్రం "పంచాక ఎవరి వంతు వాళ్ళు" అంటున్నాడు.

#8 పద్దుపుస్తకం

తలకిందులుగా పట్టుకున్నాడు.

పంట రుణం పంపకానికి ముందే తీరాలి. సకాలంలో కడితే 3 లక్షలలోపు దానికి వడ్డీ రాయితీతో 4 శాతమే పడుతుంది, గడువు దాటితే ఆ రాయితీ ఎగిరిపోతుంది. పట్టాదారు పాసుపుస్తకం మీద బ్యాంకు తాకట్టు ఉంటే అది తీరకుండా వాటా పత్రం రాసుకోవడమూ దండగే. వారసుల బాధ్యత వచ్చిన ఆస్తి మేరకే గానీ, ఆ ఆస్తి పొలమే కదా.

ఆసుపత్రి బిల్లులో మరణానికి ముందు నెల రోజుల వైద్యం 320 కింద అన్ని అప్పులకన్నా ముందు. అంతకు ముందువి తండ్రికి అన్న ఇచ్చిన అప్పు అనుకోవాలి, మిగతా బాకీల వరసలో నిలబడుతుంది. బిల్లు, చెల్లింపు రుజువు రెండూ చూపాలి. ఇన్సూరెన్సు వచ్చి ఉంటే తగ్గించాలి.

కర్మ ఖర్చు "తగు మాత్రం" అనే ఉంది చట్టంలో, చనిపోయినవారి స్థాయిని బట్టి. భోజనాల లెక్క మొత్తం కాదు, ముగ్గురూ ఒప్పుకున్న అంకె దాకా. మిగిలింది అన్న ప్రేమ కింద జమ.

#9 గొలుసుకొలత

పంపకంలోకి వస్తున్నాను. "సమానంగా" అన్నారని తలా 3 ఎకరాలు గీతలు గీస్తే ఒకరికి బంగారం, ఒకరికి రాళ్ళు. ముందు నేలలకు మార్కులు వేయండి, ముగ్గురూ ఒప్పుకునేవి. ఎకరానికి తరికి 10, చెలకకు 7, వాలుకు 4 అనుకుందాం. 40 + 21 + 8 = 69. తలా 23.

ఒక ముక్క: 2 ఎకరాల 12 గుంటల తరి (ఎకరాకు 40 గుంటలు). 23 మార్కులు.
రెండో ముక్క: 1 ఎకరం 28 గుంటల తరి, 34 గుంటల చెలక. 22.95.
మూడో ముక్క: 2 ఎకరాల 6 గుంటల చెలక, 2 ఎకరాల వాలు. 23.05.

విస్తీర్ణం చూస్తే 2–12, 2–22, 4–06. కలిపితే 9 ఎకరాలు సరిగ్గా. ముక్కలు ఒకరు కట్టాలి, ఎంపిక ఆ ఒక్కరికి ఆఖరున రావాలి. లేకపోతే చీట్లు. సాగు చేస్తున్న అన్నకే ఏ ముక్క ఎంత పండుతుందో తెలుసు కాబట్టి ముక్కలు ఆయన్నే కట్టమనండి, ఎంపిక ఆఖరున ఇవ్వండి. బాగానే కడతాడు.

గీత గీసే ముందు కొలత. కాగితం మీద 9 ఎకరాలు ఉంటే నేల మీద కొన్ని గుంటలు అటూ ఇటూ ఉండటం మామూలే. టిప్పన్ (సర్వే పటం) నకలు తీసుకుని, సర్వేయరుతో హద్దురాళ్ళు పాతించి, సబ్ డివిజన్ స్కెచ్ గీయించాకే దస్తావేజు. ఇరుగుపొరుగు రైతులకు నోటీసు ఇచ్చి వాళ్ళ ఎదురుగా కొలవాలి. లేకపోతే అన్నాచెల్లెళ్ళ తగాదా తీరిన మర్నాడు గెట్టు తగాదా.

#10 ఊరిగట్టు

రెండు పొరపాట్లు గొలుసుకొలత గారూ. వీలునామాలో "తలా 3 ఎకరాలు" అని ఉంటే మీ మార్కులు చెల్లవు. రెండోది, దారి మరిచారు. రోడ్డు తరి వైపే ఉందన్నారు కదా, చెలక, వాలు వచ్చినవాళ్ళు గాల్లో ఎగిరి పోతారా?

#11 గొలుసుకొలత

మొదటిది నిజమే. విస్తీర్ణం అంకెల్లో రాసి ఉంటే దాన్ని మార్చడానికి ముగ్గురు వాటాదారులూ ఒప్పుకోవాలి, ఎగ్జిక్యూటర్లు ఇద్దరు చాలరు. ఇక్కడ "సమానంగా" అనే ఉందని రాశారు కాబట్టి విలువ లెక్క చెప్పాను.

దారి సంగతి ఒప్పుకుంటున్నాను, లెక్క మారుతుంది. ట్రాక్టరుకు 10 అడుగులు సరిపోతుంది, వరికోత యంత్రం లోపలికి రావాలంటే 16 ఉంచాలి. రోడ్డు నుంచి చెలక అంచుదాకా 660 అడుగులు అనుకుంటే 660 × 16 = 10,560 చదరపు అడుగులు, 1,173 గజాలు. గుంటకు 121 గజాలు, అంటే దాదాపు 9.7 గుంటలు. 10 గుంటలు అనుకోండి. ఇవి తరిలోంచి ముందే తీసేసి ముగ్గురి ఉమ్మడి పేరున ఉంచాలి. మిగిలిన తరి 3 ఎకరాల 30 గుంటలు, మార్కులు 37.5 + 21 + 8 = 66.5. తలా 22.17. ముక్కలు మళ్ళీ కట్టుకోవాలి.

"దారి ఇవ్వబడును" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. వెడల్పు, పొడవు, ఏ గెట్టు వెంట, స్కెచ్‌లో ఏ అక్షరం నుంచి ఏ అక్షరం, గేటు పెట్టకూడదు, అన్నీ రాయాలి. రాయకపోయినా 1882 ఈజ్‌మెంట్ చట్టం 13 కింద పంపకంలో వేరే దారి లేని ముక్కకు దారి హక్కు పుడుతుంది, కానీ అది కోర్టుకెక్కి గెలవాల్సిన హక్కు.

#12 మోటబావి

బోరు ఎవరూ అడగలేదేం? దారికన్నా ముందు కొట్టుకునేది నీళ్ళ కోసమే.

బోరు పడ్డ ముక్క వచ్చినవాడిది నేల, నీళ్ళు వంతులవారీ ముగ్గురివి అని దస్తావేజులోనే ఉండాలి. బోరు చుట్టూ 1 గుంట, స్టార్టరు డబ్బా, అక్కడిదాకా నడిచే బాట ఉమ్మడి. పైపులైను ఏ గెట్టు కింద పోతుందో, ఎంత లోతులో వేయాలో కూడా. దున్నే నాగలికి తగలని లోతు అంటే 3 అడుగులు.

వంతులు గంటల్లో కాదు, రోజుల్లో పెట్టండి. కరెంటు ఏ వేళకు పోతుందో ఎవరికీ తెలీదు, గంటల లెక్క పెట్టుకుంటే పోయిన కరెంటు ఎవరి వంతులోది అని మళ్ళీ కొట్లాట. మూడు రోజులకో చుట్టు, తలా ఒక రోజు. మోటారు కాలిపోయిన రోజు వంతు ఎవరిదైతే వాళ్ళకు బాగయ్యాక మొదటి రోజు. వైండింగు, కేబులు, పైపు ఖర్చు మూడో వంతు. ఒకరు వాటా కట్టకపోతే కట్టినవాళ్ళకు ఆ వంతు దక్కుతుందని రాసుకుంటే ఎవరూ ఎగ్గొట్టరు.

బోరు ఎండిపోతే ఏం చేయాలో కూడా రాయండి. కొత్త బోరు ఎక్కడ పడితే అక్కడ వేయలేరు, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, పక్క బోరుకు దూరం చూస్తారు. ముగ్గురూ తలా ఒకటి వేస్తే మూడూ ఎండుతాయి. కరెంటు సర్వీసు ఇంకా తండ్రి పేరునే ఉంటే పేరు మార్పు దరఖాస్తు ఇప్పుడే పెట్టండి.

#13 కొత్తచాలు

ఇంకో మలుపు. నడిమి అమ్మాయి తన వాటా అమ్మేస్తానంటోంది. కొంటానని అన్న అంటున్నాడు, ఊరి రేటు కన్నా బాగా తక్కువకు. ఎగ్జిక్యూటర్ని కాబట్టి నేనే ధర కడతానని.

#14 తీర్పులగూడు

అదే అన్నింటికన్నా ప్రమాదం. ఎస్టేటు ఆస్తిని ఎగ్జిక్యూటరు నేరుగా గానీ బినామీగా గానీ కొంటే, ఆ ఆస్తిలో ఆసక్తి ఉన్న ఎవరైనా ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు, 310. భార్య పేరున, బావమరిది పేరున కొనడమూ ఇందులోకే వస్తుంది.

సరైన వరస ఇది. ముందు ఇద్దరు ఎగ్జిక్యూటర్లూ నడిమి అమ్మాయి వాటాకు రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వాలి. పంపకం దస్తావేజు రిజిస్టరు కావాలి. ఆమె తన పేరున పాసుపుస్తకం తెచ్చుకోవాలి. అప్పుడు ఆమె తన సొంత భూమిని అన్నకి అమ్ముతుంది, ఎగ్జిక్యూటరుకు కాదు. ధర కోసం చుట్టుపక్కల సర్వే నంబర్లలో గత 3 ఏళ్ళ అమ్మకం దస్తావేజుల నకళ్ళు తీసుకోండి. వాటిలో రాసే ధరలు తక్కువగానే ఉంటాయి, కాబట్టి వాటికి తోడు ఇద్దరు బయటి కొనుగోలుదారుల చేత రాతపూర్వకంగా ధర అడిగించండి. డబ్బు బ్యాంకు ద్వారానే.

వాటాదారుల్లో మైనరు ఉంటే (ఇక్కడ లేరు, కానీ చదివేవాళ్ళ కోసం) తల్లో తండ్రో సంతకం చేసి అమ్మితే చాలదు, 1956 మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8 కింద కోర్టు అనుమతి కావాలి.

హిందూ వారసత్వ చట్టం 22 కింద తోబుట్టువులకు ముందుగా కొనే హక్కు ఉందని ఎవరో చెప్తారు. అది వీలునామా లేకుండా వచ్చిన ఆస్తికి. ఇక్కడ ఆ హక్కు కావాలంటే పంపకం దస్తావేజులోనే షరతు రాసుకోవాలి: అమ్మేవారు మిగతా ఇద్దరికీ నోటీసు ఇవ్వాలి, 60 రోజుల్లో అదే ధరకు కొనకపోతే బయటివారికి.

#15 పాతపహాణీ

పాసుపుస్తకం మీద ఒక మాట. 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి చట్టం నడుస్తోంది. వీలునామా, వారసత్వం కింద పేరు మార్పుకు తహసీల్దారు నోటీసులిచ్చి విచారణ చేసి ఉత్తర్వు ఇవ్వాలి. ఆంధ్ర వైపు 1971 హక్కుల రికార్డు చట్టం, తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీవోకు అప్పీలు. రెండు చోట్లా తప్పు చేసేది ఒకటే: అన్న ఒక్కడూ దరఖాస్తు పెట్టి, వారసుల జాబితాలో అక్కచెల్లెళ్ళ పేర్లు వదిలేసి పట్టా తెచ్చుకోవడం. దానితో భూమి తనదైపోదు. పేరు మార్పిడి హక్కు ఇవ్వదనీ, వీలునామా మీద వివాదం ఉంటే సివిల్ కోర్టుకే పోవాలనీ సుప్రీంకోర్టు 2021లో జితేంద్ర సింగ్ కేసులో చెప్పింది. కానీ ఆ పట్టా చూపించి రుణం తెస్తే, అమ్మితే మాత్రం విప్పడానికి ఏళ్ళు పడుతుంది.

అందుకే నోటీసు వచ్చేదాకా ఆగకుండా చెల్లెలు ముందే తహసీల్దారుకు వీలునామా నకలు జతచేసి అభ్యంతర పత్రం ఇచ్చి, ముద్ర వేసిన రసీదు పుచ్చుకోవాలి.

రైతు భరోసా ఎకరాకు సీజనుకు 6,000 పట్టాదారుకు పడేది. పేరు మారాక ఎవరి పేరున పడితే ఆ డబ్బు ఎస్టేటు ఖాతాకు మళ్ళించాలని ఇప్పుడే రాసుకోండి. సాగయ్యే 7 ఎకరాలకే సీజనుకు 42,000, చిన్న మొత్తమేం కాదు.

#16 ఊరిగట్టు

ఇవన్నీ ఇద్దరూ మాట్లాడుకుంటేనే. ఒకరు ఫోనే ఎత్తకపోతే?

#17 తీర్పులగూడు

మెట్లు మెట్లుగా పోవాలి.

మొదట రిజిస్టరు పోస్టులో ఉత్తరం: ఆస్తుల జాబితా, అప్పులు, పంట లెక్క 15 రోజుల్లో కావాలని, పంపకానికి తేదీ ప్రతిపాదిస్తూ. తిట్లు, పాత విషయాలు వద్దు. ఆ ఉత్తరం రేపు కోర్టులో కాగితం అవుతుంది.

తర్వాత మండల లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దావాకు ముందే దరఖాస్తు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. రైతు కుటుంబాల్లో దీనికి మించిన దారి అరుదు. రాజీలోనే దారి, బోరు, పంట గడువు రాయించుకోండి. తర్వాత చేర్చడం కుదరదు.

ఎగ్జిక్యూటరుగా ఉండటం ఇష్టం లేకపోతే, ఇంకా పని మొదలుపెట్టకపోతే, జడ్జి ఎదుట నోటితో గానీ సంతకం చేసిన కాగితంతో గానీ వదులుకోవచ్చు (1925 చట్టం 230). వదులుకున్నాక మళ్ళీ ప్రొబేట్ అడగలేరు. వాటా మాత్రం పోదు. ఎగ్జిక్యూటరు వేషం తీసేసి వాటాదారుగా మిగలడం కొన్నిసార్లు తెలివైన పనే. కానీ ఇక్కడ చెల్లెలు వదులుకుంటే కాపలా లేని తోట అవుతుంది, నేనైతే వద్దంటాను.

అన్న ఆస్తి పాడుచేస్తుంటే, లెక్క దాస్తుంటే 301 కింద తొలగించమని హైకోర్టులో దరఖాస్తు. నష్టానికి ఆయనే బాధ్యుడు (368), రావాల్సింది వసూలు చేయక పోగొట్టినా అంతే (369). ఇలాంటి తొలగింపు కోర్టు ఊరికే ఇవ్వదు. "మాట్లాడటం లేదు" చాలదు, డబ్బు మళ్ళించినట్టో చెట్లు నరికి అమ్మినట్టో కాగితం కావాలి.

చివరికి సివిల్ దావా: ఎస్టేటు లెక్క తేల్చి పంచమని పరిపాలన దావా, సివిల్ ప్రక్రియ స్మృతి ఆర్డర్ 20 రూల్ 13. దావాతో పాటే పంట మీద రిసీవరు, అంటే కోర్టు పెట్టే పర్యవేక్షకుడు (ఆర్డర్ 40), అమ్మకుండా ఇంజంక్షను, అంటే నిషేధ ఉత్తర్వు (ఆర్డర్ 39). రిసీవరు వస్తే వేలంలో కౌలుకు ఇస్తాడు, ఆయన జీతం కూడా పంటలోంచే. 9 ఎకరాల మీద అది ఎంత మిగులుస్తుందో ముందే లెక్కవేసుకోండి. పంపకానికి ప్రిలిమినరీ డిక్రీ (ఎవరి వాటా ఎంతో తేల్చేది), కమిషనరు కొలత, అభ్యంతరాలు, ఫైనల్ డిక్రీ. ప్రిలిమినరీ డిక్రీతో పని అయిపోయిందని ఇంటికి పోయినవాళ్ళ భూములు ఇరవై ఏళ్ళు అలాగే పడి ఉంటాయి.

#18 పద్దుపుస్తకం

రిసీవరు మాట చదివాక అన్నకు కౌలు కాగితం మీద ప్రేమ పుడుతుందేమో చూడండి.

#19 కొత్తచాలు

ముగ్గురూ ఒక కాగితం మీదికి వచ్చేట్టున్నారు, మార్కుల పద్ధతి మీదే బేరం నడుస్తోంది. అన్న చెలకకు 6 అంటున్నాడు, చెల్లెలు 8 అంటోంది. ఒక్క సందేహం: ఒప్పందం తెల్ల కాగితం మీద రాసి, పెద్దమనుషుల సంతకాలు పెడితే చాలదా? రిజిస్ట్రేషను ఖర్చు మిగులుతుంది కదా.

#20 తీర్పులగూడు

ముందే నోటిమాటగా పంచుకున్నదాన్ని తర్వాత గుర్తుకోసం రాసిన పత్రానికి రిజిస్ట్రేషను అక్కర్లేదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పత్రంలోనే పంపకం జరుగుతుంటే మాత్రం తప్పనిసరి. తేడా ఒక్క క్రియలో ఉంటుంది: "పంచుకున్నాము", "పంచుకొనుచున్నాము". ఆ క్రియ మీదే ఏళ్ళకొద్దీ దావాలు నడిచాయి. పైగా మీకు దారి, బోరు, ముందు కొనే షరతు అన్నీ ఉన్నాయి. రిజిస్టరు చేయించండి, స్కెచ్ జతపరచి, ప్రతి పేజీ మీద ముగ్గురి సంతకాలతో.

#21 గొలుసుకొలత

చెలకకు 6, 8 అని ఇద్దరూ పట్టుబడితే 7 అనకండి, అది ఇద్దరికీ ఓటమిలా ఉంటుంది. 8 అన్నవాళ్ళను చెలక తీసుకుంటారా అని అడగండి.

#22 మోటబావి

స్టార్టరు డబ్బా తాళం మూడు చెవులు చేయించండి. ఇప్పుడే.